మాటకో సెంటు

మాటకో సెంటు.
అందుకే మేజర్ రెడ్‌ఫర్న్ ఏనాడూ
ఊరికే తలుపు తీయలేదు.
మెల్లగా, చాలా మెల్లగా, తుప్పు పట్టిన ఆ ఇనప తలుపును
ఊపిరి బిగబట్టి, భుజం ఆనించి, తీసేవాడు.
పదమూడు సెంట్లు.
ఆ రోజుల్లో ఒక రొట్టె, పైన కాస్త చిల్లర.

ప్రూయిట్ గారు గదిలో పచార్లు చేస్తూ చెప్పేవారు,
నేను టైపు కొట్టేదాన్ని.
స్క్రాంటన్‌లో లేసు మిల్లు వెనక వీధి, మూడో అంతస్తు.
కిటికీ తీస్తే బొగ్గు దుమ్ము,
మూస్తే ఆయన చుట్ట పొగ.
ఆ మధ్యలోనే బోర్నియో, టిబెట్టు, నిప్పులు కక్కే కొండలు.
ఆయన ఫిలడెల్ఫియా దాటి ఎరగరు.
పడవెక్కితే వాంతులు.

మేజర్ ఎడమ కనుబొమ మీది గాటు నాది.
అంటే, మా అన్న కజీస్‌ది.
వయసెక్కువని అబద్ధం చెప్పి చేరిన బొగ్గు షెడ్డులో
రాతి పెచ్చు ఎగిరి తగిలింది.
పందొమ్మిదో ఏట గని కప్పే కూలింది.
"మీ వాడికి ఒక మచ్చ ఉంటే బాగుంటుందండీ"
అన్నాను కాగితం మారుస్తూ.
ఎందుకని అడగలేదాయన.
మచ్చకి ఆరు మాటలు పట్టాయి, ఆరు సెంట్లు.
మరుసటి నెల అట్టబొమ్మ వేసేవాడు దాన్ని కుడివైపు పెట్టాడు.
ఎడమా కుడా అని
జనం ఇప్పటికీ కొట్టుకు చస్తున్నారట.

ముప్పై ఎనిమిది మార్చిలో ప్రూయిట్ గారు పోయారు.
మిషన్లో సగం నిండిన కాగితం.
మంచుగుహలో మేజర్, నడుముకి తాడు,
తెగడానికి ఇంకొక్క పోగు.
న్యూయార్కు నుంచి తంతి వచ్చింది:
మిగతా కథ సోమవారానికి.
అందులో సంతాపం లేదు. తంతికీ మాటకింతని రేటు.

నేనే రాశాను.
ఎలా బయటికి లాగానో గుర్తు లేదు, ఒట్టు.
ఆ వారం చలి గుర్తుంది. అద్దె బాకీ గుర్తుంది.
ఎవరూ పోల్చుకోలేదు.
ఆపైన పదకొండేళ్లు
కథని కంచికి చేరనివ్వకపోవడమే నా ఉద్యోగం.
ఒకసారి విసుగెత్తి చంపేశాను కూడా,
మొసళ్ల నదిలో, ఓ శుక్రవారం సాయంత్రం.
రెండు బస్తాల ఉత్తరాలు వచ్చిపడ్డాయి.
వాటిలో ఒకటి పెన్సిలుతో:
"మేజర్‌కి ఈత రాదని మీరెప్పుడూ చెప్పలేదు."
నిజమే. ఈదించాను.

పత్రిక మూతబడింది.
ఆ చవక కాగితం తాకితే అప్పడంలా విరుగుతుంది.
ఆయన మాత్రం కొత్త అట్టలు తొడుక్కుంటూ
ముప్పై అయిదు దగ్గరే నిలబడిపోయాడు.
నాకు తొంభై అయిదు.

ఇక్కడ రాత్రి డ్యూటీ కుర్రాడు తిలక్ ఘిమిరే.
భూటాన్ తరిమేస్తే, నేపాల్ శిబిరంలో
వెదురు గుడిసెలో పెరిగినవాడు.
నా మాత్రలు లెక్కపెడుతూ చెప్పాడు నిన్న:
ఎవరో దానమిచ్చిన పెట్టెలో అట్ట లేని పుస్తకం దొరికిందట,
ఇంగ్లీషు దాంట్లోనే నేర్చుకున్నాడట.
అదా సంగతి!
నా గది తలుపు అంత మెల్లగా, ఊపిరి బిగబట్టి తీయడం.

చివరి పేజీలు లేవు. ఎవరో పొయ్యి రాజేసుకున్నారు.
ఇరవై ఏళ్లుగా ఆ మనిషి
ఆ ఒక్క పోగుకే వేలాడుతున్నాడు.
"మీ కాలం పుస్తకం కదా బామ్మా, చదివారా?
తర్వాత ఏమైంది?"

చదవలేదన్నాను. అది నిజమే,
రాసింది మళ్లీ చదువుకునే తీరిక నాకెప్పుడుంది?
"నువ్వేమనుకున్నావో చెప్పు."

మంచం అంచున కూర్చున్నాడు.
ఒకటి కాదట, చాలా ఉన్నాయట.
గుడిసె కప్పు ఎగిరిపోయిన వానాకాలంలో ఒకటి.
చెల్లికి జ్వరం తగ్గని రాత్రి ఒకటి,
అందులో తాడు తెగుతుంది, అయినా పడడు.
"మెల్లగా చెప్పు నాయనా" అన్నాను.
దుప్పటి కింద నా వేళ్లు
వాటంతటవే అక్షరాలు తడుముకుంటున్నాయి.

"మచ్చ ఏ వైపు?" మధ్యలో ఆపి అడిగాను.
తన కనుబొమ మీద వేలు పెట్టుకున్నాడు,
క్షణమైనా ఆలోచించకుండా.

ఎడమ.